నా కాలి సంగతి నాకే తెలియలేదు

శంకరయ్య సేటు నేను నేసిన చీరను వాపస్ తెచ్చిన రోజే నా జబ్బు మొదటిసారి బయటపడింది. ఆ రోజు నేను దాన్ని జబ్బు అనుకోలేదు. అవమానం అనుకున్నాను.

మాది నారాయణపేట. బుద్ధి తెలిసినప్పటి నుంచి గుంత మగ్గం మీదే బతికాను. మగ్గం చూడని వాళ్ల కోసం చెప్తాను. నేలలో గుంత తీసి, అందులోకి కాళ్లు దించి కూర్చుంటాం. కింద రెండు తొక్కుడు చెక్కలు ఉంటాయి. కుడికాలు, ఎడమకాలు మార్చి మార్చి తొక్కితే పడుగు పోగులు పైకీ కిందికీ విడిపోతాయి. ఆ సందులోంచి అడ్డపోగును, అంటే పేకను, మోసుకుని నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంది. చేతులూ కళ్లూ బట్ట మీదే ఉండాలి. కాళ్లకేసి ఎవరూ చూడరు. చూస్తున్నాడంటే వాడికి ఇంకా పని రాలేదని అర్థం. నన్ను మగ్గం మీద కూర్చోబెట్టిన కొత్తలో నేను కిందికి తొంగిచూస్తే మా నాయిన నెత్తి మీద మొట్టేవాడు.

శంకరయ్య మాకు నూలు ఇచ్చి చీరలు తీసుకుపోయే సేటు. నాకంటే చిన్నవాడు. ఆ రోజు తనే ఇంటికి వచ్చి, చాప మీద చీర పరిచాడు.

"అన్నా, గిది నువ్వే నేసినవా?"

"నేను గాకుంటే మా ఇంట్ల ఇంకెవరు నేస్తరు?"

"గీ అంచు కాడ చూడు. పోగులు పైకి లేసినయి. గీడ రెండు పేకలు ఒక్క తావునే పడ్డయి. కుడికాలు సక్కగ పడ్తలేదేమోనే. జర కాలు ఎవరికన్న చూపిచ్చుకో."

"ముందు నూలు మంచిదియ్యి. కుళ్లిన నూలిచ్చి నా కాలు మీదికి తోస్తున్నవా?"

"సరేనే, కోపం చెయ్యకు" అని నవ్వి, చీర అక్కడే పెట్టి పోయాడు. ఆ నవ్వు నాకు పడలేదు. ఆ వారమే వేరే సేటు దగ్గర నూలు తెచ్చుకున్నాను. శంకరయ్యతో మాట బంద్ చేశాను.

నాకు మాటలు గుర్తుంటాయి. తమ్ముడి పెండ్లిలో నన్ను రెండో బంతికి కూర్చోబెట్టిన సంగతి, రేషన్ దుకాణంలో నా వెనకవాణ్ని ముందు పిలిచిన సంగతి, అన్నీ గుర్తే. ఎవరు ఏ అంగీ తొడుక్కుని ఆ మాట అన్నారో కూడా చెప్పగలను. ఆఫీసులకు అర్జీలు బాగా రాస్తాను. మా వాడలో నన్ను దూరం నుంచి చూస్తే లైన్‌మన్ పక్క సందులోకి తిరిగిపోతాడు. ఇదేదో గొప్పగా చెప్పుకోవడం లేదు. ఆ గుణం నన్ను ఎక్కడిదాకా తీసుకుపోయిందో చెప్పాలంటే ముందు ఇది చెప్పక తప్పదు.

నాకు షుగర్ ఉందని అంతకు కొన్నేండ్ల ముందే తెలుసు. బడిలో క్యాంపు పెట్టినప్పుడు వేలికి సూది గుచ్చి చూశారు. గోలీలు ఇచ్చారు. ఇస్తూ ఆ డాక్టరు, "నోరు కట్టుకోవాలె తాతా" అన్నాడు. నా వెనక వరసలో మా వాడవాళ్లంతా ఉన్నారు. నేనేదో తిండిపోతునైనట్టు అనిపించింది. పైగా తాతా అన్నాడు. అప్పటికి నా మీసం కూడా పూర్తిగా నెరవలేదు. ఆ గోలీలు అయిపోయాక మళ్లీ పోలేదు. నా భార్య భాగ్యమ్మ అడిగినప్పుడల్లా "తగ్గింది" అని చెప్పేవాణ్ని.

చీర వాపస్ వచ్చిన తర్వాత ఒక పొద్దున బజారుకు పోయి వస్తున్నాను. మా సందు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకునే కిష్టప్ప నన్ను ఆపాడు.

"కాకా, ఒక చెప్పు ఎవరికన్న కిరాయికిచ్చినవా?"

కిందికి చూసుకుంటే కుడికాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో తెలియదు. రాళ్ల మీద అంత దూరం ఒట్టి కాలితో నడిచి వచ్చాను, కాలికి ఆ సంగతే తెలియలేదు. మనిషికి భయం వేయాల్సిన చోటు అది. నాకు మాత్రం కిష్టప్ప మీద కోపం వచ్చింది. ఆ తర్వాత చాలా రోజులు వెనక సందు నుంచి తిరిగి ఇంటికి పోయాను.

కాళ్లు మొద్దుబారినట్టు ఉండడం నిజమే. దూది మీద నడిచినట్టు ఉండేది. గుంతలో చెమ్మ వల్ల అనుకున్నాను. మా పనిలో పెద్దవాళ్లందరూ కాళ్లు జివ్వుమంటున్నాయని అంటూనే ఉంటారు. చలికాలం వచ్చింది. మా నాయిన చలికి గుంత పక్కన కుంపటి పెట్టుకునేవాడు. నేను ఇంకొంచెం తెలివి చూపించాను. కుంపటిని గుంతలోకే దించి, కాళ్ల పక్కన పెట్టుకున్నాను. కాళ్లకు వెచ్చదనం తగిలితే మొద్దు విడుస్తుందని నా లెక్క.

నేను నేస్తూనే ఉన్నాను. వంటింట్లో నుంచి భాగ్యమ్మ కేక వేసింది.

"ఏందో మాడుతాంది! నేనింకా రొట్టె గూడ పెట్టలే."

వాసన వెతుక్కుంటూ వచ్చి గుంతలోకి వంగి చూసింది. "అయ్యో, నీ కాలు!" అని నా భుజం పట్టి గుంజింది.

"ఏమైందే, గట్ల అరుస్తవెందుకు?" అని నేనే ఆమె మీద అరిచాను.

కుడి పాదం చిటికెన వేలి పక్కన కుంపటి అంచుకు ఆనుకుని ఉంది. చర్మం తెల్లగా ఉడికిపోయింది. నాకు నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాలేదన్నాను. ఇంకా సిగ్గులేని మాట ఒకటి ఉంది, అది కూడా రాస్తాను. చూడవచ్చిన వాళ్లతో, "నిప్పు తగిలినా నాకు నొప్పి లేదు, మా కట్టె అసొంటిది" అని గొప్పలు చెప్పాను.

వాడలో ఆర్ఎంపీ డాక్టరు కట్టు కట్టాడు. కట్టుతోనే గుంతలో కాలు దించి పని చేశాను. పుండు మానలేదు. లోపలికి పోయింది. వాసన మొదలైంది. చివరికి భాగ్యమ్మ పోరు పడలేక మహబూబ్‌నగర్ వైపు ఒక పెద్ద దవాఖానకు పోయాము. ఆ దవాఖాన పేరు, డాక్టరమ్మ పేరు రాయను. నా రాతల వల్ల వాళ్లకు ఒకసారి అయిన ఇబ్బంది చాలు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. రక్తపరీక్షలు చూసింది. "షుగర్ ఎన్నేండ్ల నుంచి ఉందో ఏమో. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చాలా ఎక్కువుంది" అంది. అడ్మిట్ చేసుకుని డ్రెస్సింగ్ చేయించింది. మర్నాడు పొద్దున రౌండ్స్‌కు వచ్చి, సన్నని నైలాన్ తీగ లాంటిది ఒకటి తీసింది. మోనోఫిలమెంట్ అంటారట.

"పెద్దాయనా, కండ్లు మూసుకో. నేను కాలికి ముట్టిచ్చినప్పుడల్ల చెప్పు."

కళ్లు మూసుకున్నాను. ఆమె ముట్టిస్తుందని ఎదురు చూశాను. వార్డులో ఎవరో దగ్గారు. ఎవరో గ్లాసు కింద పెట్టారు. ఇంకా ఎదురు చూశాను. విసుగొచ్చి, "ఎప్పుడు మొదలువెడ్తవమ్మా?" అన్నాను.

"అయిపోయింది పెద్దాయనా."

పక్క మంచం మీది వాడు కిసుక్కుమన్నాడు. వాణ్ని చూసి ఎదుటి మంచం వాడు. తర్వాత వార్డు మొత్తం నవ్వింది. నేను కళ్లు తెరిచాను.

"ముట్టకుండనే ముట్టిన్నంటవా?"

"రెండు కాళ్లకు ముట్టిచ్చిన. పాదం కింద, వేళ్ల కింద. ఒక్క దగ్గర గూడ నీకు తెల్వలేదు. షుగర్‌తోని నరాలు మొద్దువారినయి, దీన్ని న్యూరోపతి అంటరు. నీ కాలి సంగతి నీకే తెల్వదు పెద్దాయనా, అందుకే కాలింది."

నేను భాగ్యమ్మ వైపు తిరిగాను. "నువ్వు చూసినవా? ముట్టిందా?"

"ముట్టింది" అంది భాగ్యమ్మ. ఆమె నేల చూపులు చూస్తూ ఉంది.

"నువ్వు గూడ వాళ్లల్ల కలిసినవన్నమాట."

జీవితమంతా కాలి అంచనాతో నేసినవాణ్ని. నా కాలి సంగతి నాకే తెలియదని నా బిడ్డ వయసు మనిషి పదిమందిలో అంది. ఆ మధ్యాహ్నమే పోతానన్నాను. చాలా చెప్పి చూశారు. నా ఇష్టం మీద పోతున్నానని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. గుమ్మం దాకా డాక్టరమ్మ వచ్చింది.

"కోపం నా మీద ఉంటే ఉండనీ. యాంటీబయాటిక్ ఆపకు. కాలు నేల మీద పెట్టకు. రోజూ డ్రెస్సింగ్ చెయ్యాలె. జ్వరమొస్తే ఏ టైమైనా సరే, రా."

నేను ఆమె ముఖం చూడలేదు.

ఇంటికి వచ్చి మొదట చేసిన పని అర్జీ రాయడం. దవాఖాన సూపరింటెండెంటుకు రాశాను. రోగిని నలుగురిలో నవ్వులపాలు చేశారని, వయసుకు మర్యాద లేదని, ముట్టకుండానే ముట్టామన్నారని, పరీక్ష అందరి ముందర చేశారని రాశాను. కొట్టివేతలు ఉంటే బాగుండదని మళ్లీ ముత్యాల్లాంటి అక్షరాలతో తిరగరాశాను. ఆ కాగితం మీద పెట్టిన శ్రద్ధలో సగం కాలి మీద పెట్టి ఉంటే నాకు ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. డ్రెస్సింగ్ రోజు విడిచి రోజు అయింది, తర్వాత వారానికి ఒకసారి అయింది. గోలీలు సగంలో మానేశాను. "ఆమె చెప్పినట్టు చేస్తే ఆమె గెలిచినట్టే" అని ఒకసారి భాగ్యమ్మతో అన్నాను కూడా. మగ్గం మీద సగం చీర ఉంది, దాన్ని సాకుగా పెట్టుకుని మళ్లీ గుంతలోకి దిగాను.

ఒక పొద్దున చలి మొదలైంది. రెండు దుప్పట్లు కప్పినా పండ్లు టకటక కొట్టుకున్నాయి. పాదం ఉబ్బి పిక్క దాకా ఎర్రబడింది. చిటికెన వేలు, దాని పక్క వేలు నల్లబడ్డాయి. భాగ్యమ్మ కట్టు విప్పి చూసి, ఆ గుడ్డను బయటికి విసిరేసింది. తర్వాత అంది:

"నేనిన్నేండ్లు నీతోని ఓపిక పట్టిన. నువ్వు మాట్లాడనోళ్లతోని నేను గూడ మాట బంద్ వెట్టిన. మా అక్కతోని గూడ. గిప్పుడు ఆ పిల్ల మీది కోపానికి కాలు ఇచ్చేస్తవా? ఇస్తే ఇయ్యి. నేను మాత్రం ఊకోను."

ఆమె నన్ను అడగలేదు. ఆటో పిలుచుకొచ్చింది.

అదే దవాఖాన, అదే వార్డు, అదే డాక్టరమ్మ. దారి పొడుగునా నేను జవాబు తయారు చేసుకుంటూ వచ్చాను. ఆమె "చెప్తే విన్నవా?" అంటుంది, నేను ఫలానా మాట అంటాను అని. ఆమె ఆ మాట అనలేదు. కట్టు విప్పింది. ఎక్స్‌రే తీయించింది. బెడ్ పక్కన స్టూల్ మీద కూర్చుంది.

"చర్మం కింద చీము వాపు, సెల్యులైటిస్ అంటరు, పైకి పాకింది. ఎముక దాకా ఇన్ఫెక్షన్ పోయింది. రెండు వేళ్లు తీసెయ్యాలె, చచ్చిన మాంసం కోసెయ్యాలె. అంతటితోని ఆగుతదనే చూస్తున్నం. ఆగకపోతే మోకాలి కింద దాకా తియ్యాల్సి రావచ్చు. దాచి చెప్తలేను."

నేను తయారు చేసుకున్న జవాబుకు చోటు దొరకలేదు. "మగ్గం మీద కూసోగల్గుతనా అమ్మా?" అని మాత్రం అడిగాను.

"పాదం మిగిలితే కూసుంటవ్. మిగిల్చే ప్రయత్నం నాది. దానికి నువ్వు గూడ కావాలె."

వేళ్లు తీశారు. కొద్ది రోజులకే పుండు అంచులు మళ్లీ నల్లబడ్డాయి. రెండోసారి చచ్చిన మాంసం కోసి శుభ్రం చేశారు, దాన్ని డీబ్రైడ్‌మెంట్ అంటారట. పాదం ఉంటుందా, పోతుందా అని రోజూ డ్రెస్సింగ్ విప్పేటప్పుడు డాక్టరమ్మ ముఖంలోకి చూసేవాణ్ని. రోజుకు ఎన్నిసార్లు పొడుస్తామన్నా ఇన్సులిన్ సూదికి చేయి చాచేవాణ్ని. భయం మనిషిని ఎంత మంచివాణ్ని చేస్తుందో అప్పుడు తెలిసింది. అది వినయం కాదు, నాకు తెలుసు. ఒట్టి భయం.

సిగ్గు తర్వాత వచ్చింది. ఒక పొద్దున డ్రెస్సింగ్ చేస్తూ వార్డు సిస్టరు అడిగింది.

"అర్జీ వెట్టింది మీరే కదా?"

"అవునమ్మా."

"మేడమ్‌ను సూపరింటెండెంట్ సార్ పిలిచి అడిగిండు. ఆమె ఏమన్నదో తెలుసా? పేషెంట్ అన్నది నిజమే సార్, అందరి ముందర చేసిన, తెర అడ్డం పెట్టాల్సుండె అన్నది."

సిస్టరు కత్తెర ట్రేలో పెట్టి పోయింది. ఆ రోజే మధ్యాహ్నం, ఎదుటి మంచం మీదికి కొత్తగా వచ్చిన ముసలామె కాళ్లు చూడడానికి డాక్టరమ్మ వచ్చింది. జేబులోంచి ఆ నైలాన్ తీగ తీసింది. తీసే ముందు పచ్చబట్ట తెరను గుంజి మంచం చుట్టూ అడ్డం పెట్టింది. లోపల నుంచి ముసలామె గొంతు, "ఇంక ముట్టలేదా బిడ్డా?" అని వినపడింది. ఆ మాట వార్డులో ఎవరికీ నవ్వు తెప్పించలేదు. తెర వెనక మాటను ఎవరు పట్టించుకుంటారు?

నేను కోపంతో, ఆమెను దెబ్బ తీయాలని రాసిన అర్జీ అది. అందులో పనికొచ్చే మాట ఒకటి ఉంటే, ఆమె దాన్ని ఏరుకుని మిగతాది వదిలేసింది. చదువు అయిపోయి, డాక్టరై, పదిమందికి ప్రాణం పోసే మనిషి నా వంకర రాతలోంచి కూడా ఒక పని నేర్చుకుంది. ఆమె నాకు చెప్పిన మాటల్లో పనికిరానిది ఒక్కటి లేదు. నేను ఒక్కటీ తీసుకోలేదు. శంకరయ్య చెప్పింది తీసుకోలేదు. కిష్టప్ప నవ్వించబోయి చెప్పింది తీసుకోలేదు. క్యాంపు డాక్టరుది తీసుకోలేదు. వాళ్లందరూ నా కాలి గురించే చెప్పారు. నేను నా పరువు గురించి విన్నాను. ఆ మధ్యాహ్నం దుప్పటి ముఖం మీదికి లాక్కుని పడుకున్నాను. భాగ్యమ్మ నొప్పి అనుకుంది.

మర్నాడు డాక్టరమ్మతో, "అర్జీ వాపస్ తీసుకుంటనమ్మా" అన్నాను.

"ఎందుకు? రాసింది కరెక్టే కదా" అని ఆమె చార్టు మీద ఏదో రాసుకుంది. తర్వాత, "అబద్ధాలు గూడ రెండు రాసినవ్ లే. అవి వాపస్ తీస్కో" అంది. ఆమె నవ్వితే నాకు కోపం రాలేదు.

"నాకు ఆ పరీక్ష మళ్లొకసారి చెయ్యమ్మా" అన్నాను.

తెర గుంజింది. కళ్లు మూసుకున్నాను. ఈసారి ఆమె, "ఇప్పుడు?" అని అడుగుతూ పోయింది. "తెల్వదు" అన్నాను. "ఇప్పుడు?" "తెల్వదు." నా పనిలో నేను ఎవరితోనూ అనని మాట అది. మడమ దగ్గర ఒక్కచోట ఏదో ఉన్నట్టు అనిపించింది. ఖాయంగా చెప్పలేనన్నాను. "అది చాలు" అంది.

పాదం మిగిలింది. రెండు వేళ్లు లేకుండా, బయటి అంచు తరిగిపోయి, మిగిలింది.

ఇంటికి వచ్చేసరికి మగ్గం మీద చీర అయిపోయి ఉంది. భాగ్యమ్మ నేసింది. పెండ్లయిన నాటి నుంచి ఆమె నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టడమే తప్ప నేను ఆమెను మగ్గం మీద కూర్చోనివ్వలేదు. చీర విప్పించి తప్పులు వెతికాను, అబద్ధం ఎందుకు. తప్పులు దొరికాయి. అన్నీ నేను నేసిన సగంలోనే ఉన్నాయి. ఆమె సగం మొదలైన చోటు వేలితో తడిమితేనే తెలుస్తుంది. అక్కడి నుంచి పోగు లేవలేదు. భాగ్యమ్మ గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. "ఎప్పుడు నేర్సినవే?" అన్నాను. "నువ్వు కాళ్ల దిక్కు చూడకున్నా, నేను చూసేదాన్ని" అంది.

కాలు నేల మీద పెట్టొద్దన్న నెలల్లో నేను కండెలు చుట్టాను. ఆమె నేసింది. "వదులుగ చుట్టినవ్, నాడెల చిక్కువడ్తది. మళ్ల చుట్టు" అని నా ముందర పడేసేది. మొదట్లో ముఖం కందగడ్డ అయ్యేది. మళ్లీ చుట్టేవాణ్ని.

తర్వాత మగ్గం దగ్గరికి వచ్చాను. ఒట్టి కాలితో తొక్కకూడదని డాక్టరమ్మ ఆజ్ఞ, షుగర్ కాళ్లకు చేసే మెత్తని ఎంసీఆర్ చెప్పులు వేసుకునే తొక్కాలి. మా ఇండ్లల్లో చెప్పులతో గుంతలోకి దిగేవాళ్లు లేరు. మగ్గం మాకు దేవుడు. ఈ సంగతి మీద నేను పంచాయితీ పెట్టబోతుంటే భాగ్యమ్మ వీధి తొక్కని కొత్త జత తెప్పించింది. పసుపు, కుంకుమ పెట్టి మగ్గం ముందర ఉంచి, "గివి గీ గుంతకే" అంది. గుంతలో ఒక బల్బు కూడా కట్టించింది. కాలికి తెలియనప్పుడు కన్ను చెప్పాలి కదా. నేర్చుకునే పోరగాడిలా కిందికి చూసి తొక్కుతున్నాను ఇప్పుడు. పని మెల్లగా సాగుతోంది. కుడికాలి వంతు వచ్చినప్పుడల్లా తల వంచాల్సిందే.

శంకరయ్య దగ్గరికి కూడా పోయాను. "నేను ఆనాడే చెప్పిన కదనే" అన్నాడు. అనాల్సింది కాదు. ఆ మాట కూడా నాకు గుర్తుంటుంది. అయినా చాయ్ తాగి, నూలు తెచ్చుకున్నాను.

నేను మారిపోయానని చెప్పను. మొన్ననే షుగర్ పరీక్ష దగ్గర ఒకతను నన్ను దాటి ముందుకు పోతే రక్తం మరిగింది. కానీ రోజూ పొద్దున అద్దం కింద పెట్టి పాదం అడుగు చూసుకుంటాను. నా చూపు ఆనకపోతే భాగ్యమ్మను చూడమంటాను. ఇవ్వాళ ఆమె, "మడమ పక్కకు ఎర్రగుంది" అంది. నాకేమీ కనపడలేదు. నోటిదాకా వచ్చింది, "నీకు కండ్లు సక్కగ కన్పిస్తలేవు" అని. మింగేశాను. మధ్యాహ్నం బస్సుకు దవాఖానకు పోతున్నాం.

షుగర్ ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మీ పాదాలు రోజుకు ఒకసారి ఇంకొకరికి చూపించండి. వాళ్లు ఏదైనా ఉందంటే, వాళ్లతో వాదించకుండా దవాఖానకు పోయి వాదించండి. అక్కడ ఏమీ లేదని తేలితే, తిరిగి వచ్చి ఎంత కోపం చేసినా నేను అడ్డు చెప్పను.